రొట్టెలామె ఛాతీలో నీడ

మా నాన్నకు ఒకటే కోరిక. కొడుకు తనలాగా వేరుశనగ చేలో ఎండకు మాడకుండా, నీడపట్టున కూర్చుని జీతం తీసుకోవాలి. ఆ కోరికను నేను అవసరానికి మించి తీర్చాను. ఉద్యోగంలో చేరింది మొదలు దిగిపోయేదాకా నా పని నీడలు తీయడమే. ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. మా వృత్తిలో ఇంకో విడ్డూరం కూడా ఉంది. ఊపిరితిత్తి మీద తెల్లగా కనిపించే మచ్చనే మేము నీడ అంటాం. నీడ కూడా తెల్లగా ఉండే లోకంలో బతికినవాడికి ఏది నలుపో ఏది తెలుపో చెప్పమంటే కష్టమే.

ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలూ, మీరు మీట నొక్కితే బొమ్మ తెర మీద వచ్చి వాలుతుంది. మేము ఫిల్మును చీకటి గదిలో మందునీళ్లలో ముంచి, కడిగి, క్లిప్పుకు తగిలించి, ఆరేదాకా ఎదురుచూడాల్సి వచ్చేది. ఫిల్ము ఆరేలోపల మనుషులకు బోలెడన్ని అనుమానాలు పుట్టేవి. నేను చెప్పబోయేది అలాంటి ఒక అనుమానాల కాలం గురించి. అరవైల చివర, విశ్వవిద్యాలయం క్యాంపస్‌లోని ఆరోగ్య కేంద్రంలో జరిగింది.

నేను రాయలసీమవాణ్ణి. తార్నాకలో ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ క్యాంపస్‌కు నడిచి వెళ్లేవాణ్ణి. అప్పటికే ఎవరు ఇక్కడివారు, ఎవరు బయటివారు అన్న లెక్కలు ఆఫీసుల్లో మొదలయ్యాయి. కాబట్టి నన్ను అనుమానించడానికి నేను ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు. చీకటి గదిలో ఫిల్ములు కడిగే సహోద్యోగి లాలాగూడవాడు. నాకంటే పెద్దవాడు, మనిషి వెన్న. అయినా నేను ‘వస్తావున్నా’ అన్నప్పుడల్లా, ‘ఎప్పుడొస్తవ్ సారూ, ఇంకా వస్తనే ఉన్నవా?’ అని ఆటపట్టించేవాడు.

మా డాక్టరు పాతబస్తీలో పుట్టి పెరిగినవాడు. గొప్ప వైద్యుడు, అంతకంటే గొప్ప శంకరుడు. అంటే శివుడని కాదు, శంకించేవాడని. తలనొప్పి అని వచ్చిన విద్యార్థిని పరీక్ష ఎప్పుడని అడిగేవాడు. పరీక్ష లేదంటే అప్పుడు నాడి చూసేవాడు.

తార్నాక నుంచి లాలాగూడ వైపు దిగే దారిలో సిస్టర్ల ఆశ్రమం ఉండేది. దిక్కులేని రోగులకు కొన్ని మంచాలు, వెనక చిన్న ప్రార్థన మందిరం. దాన్ని నడిపే పెద్ద సిస్టర్ మలయాళ దేశంలో పుట్టింది. తెలుగు మాత్రం లాలాగూడ రైల్వే కార్మికుల భార్యల దగ్గర నేర్చుకుంది. తెల్లని ముసుగులోంచి, ‘ఏంది సారూ, గట్ల నిలబడ్డవ్?’ అని వినిపిస్తే మొదట్లో నేను చుట్టూ ఇంకెవరున్నారా అని చూసేవాణ్ణి.

ఆమె తన రోగులను ఎక్స్‌రేకు మా దగ్గరికి తెచ్చేది. ఆరోగ్య కేంద్రంలో ఆయా పోస్టు ఖాళీగా ఉండడంతో, ఆడవాళ్లకు ఫిల్ము తీసేటప్పుడు సాయం ఆమే. ఒక్క విషయం మాత్రం ఎప్పుడూ తప్పేది కాదు. ఆమె వెంట వచ్చిన ఆడమనిషి ఎవరైనా సరే తలస్నానం చేసి, చిక్కు తీయించుకుని, జుట్టంతా నడినెత్తిన ముడి వేయించుకుని, పైన గుడ్డ కట్టించుకుని వచ్చేది. నేను దాన్ని మత చిహ్నమేమో అని అనుమానించాను. ఒక రోజు అడిగేశాను కూడా.

“మా మదర్ పెట్టిన నియమం సారూ,” అంది. “ఆశ్రమంల కాలు పెట్టినోళ్లకు ముందు తల కడగాలె, దువ్వి కట్టాలె. పేరు తర్వాత అడగాలె. కులం, మతం అసలే అడగొద్దు.”

మదర్ అంటే ఆ సంస్థను స్థాపించిన ఆమె. సముద్రాల అవతల ఏదో చలిదేశంలో, నేతపని చేసుకునే ఇంట్లో పుట్టింది. ఊళ్లో అంటురోగం వచ్చిన ఏడు ఆమె తల్లి చనిపోతే, శవాన్ని ముట్టడానికి కూడా ఎవరూ రాలేదట. నెలల తరబడి దువ్వెన తగలక తల్లి జుట్టు అట్టగట్టి ఉంటే, పదేళ్లు కూడా నిండని ఆ పిల్ల ఒక్కతే కూర్చుని, చిక్కులు తీసి, జడవేసి సాగనంపిందట. పెద్దయ్యాక, ఎవరూ ముట్టని రోగుల తలలు కడగడానికని ఇంకో ఇద్దరు అమ్మాయిలను కూడగట్టుకుంది. ఒక పాడుబడ్డ నూలు గోదాములో మొదలైన ఆ పని దేశదేశాలకు పాకింది. మొదట్లో చర్చి పెద్దలు ఆమెనూ అనుమానించారట, తలలు దువ్వడం కూడా ఒక సన్యాసమేనా అని.

ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది. చర్చి ఆమెను అప్పటికే ‘ధన్యురాలు’ అంది. పైమెట్టు ‘పునీత’. ఆ మెట్టెక్కాలంటే ఆమె పేరు తలచుకుని చేసిన ప్రార్థనకు ఇంకొక అద్భుతం జరగాలి. వైద్యానికి అందని స్వస్థత ఏదో ఒకటి.

“ఇంకొక్కటి సారూ,” అనేవాడు మా చీకటిగది సహోద్యోగి, “ఇంకొక్కటైతే ఆమె పాసైతది. గా సిస్టర్లు ఎంత ఎదురుచూస్తున్నరో!”

ఆ ‘ఇంకొక్కటి’ క్యాంపస్‌లోనే జరిగినట్టయింది. అక్కడి నుంచే చిక్కు.

ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో జొన్నరొట్టెలు చేసే ఆమె ఉండేది. పల్లె నుంచి వచ్చి, భర్త పోయాక ఆ పనిలో కుదిరింది. ఇద్దరు ఆడపిల్లలను గోల్నాకలో అక్క దగ్గర ఉంచి, తను హాస్టల్ వెనక గదిలో ఉండేది. అందరూ రొట్టెలామె అనేవారు. ఆమె రొట్టె చరిచే చప్పుడు వింటే వంకాయ కూర గుర్తొచ్చి నాకు ఆకలయ్యేది.

దసరా సెలవుల ముందు, మెస్ పనివాళ్లందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయాలని ఉత్తర్వు వచ్చింది. మా ఒక్క యంత్రంతో తెమలదని బయటి నుంచి ఒక ఎక్స్‌రే వ్యాన్ తెప్పించారు. అందులో అందరూ మగవాళ్లే. ఆడవాళ్లు పెళ్లికి పోయినట్టు తయారై వరుసకట్టారు. ఎక్స్‌రేను అందరూ ‘ఫోటువ’ అనేవారు మరి. ఛాతీయే కావచ్చు, ఫోటువకు పోయేటప్పుడు మాసిన చీర కట్టుకుంటారా?

రొట్టెలామె ఫిల్ములో కుడివైపు, మెడ ఎముక కింద, ఊపిరితిత్తి కొసన నీడ కనిపించింది. ఆమెకు అప్పటికే కొన్ని వారాలుగా దగ్గు, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడడం. ఫిల్మును నేనూ చూశాను. నాకూ క్షయలాగే కనిపించింది. ఉమ్ము పరీక్షలో ఏమీ దొరకలేదు. దొరకనంత మాత్రాన లేనట్టా అన్నాడు డాక్టరు. వంటగదిలోంచి ఆమెను అదే రోజు పంపేశారు. క్షయ ఆసుపత్రిలో మంచం ఖాళీ అయ్యేదాకా సిస్టర్ తన ఆశ్రమంలో చేర్చుకుంది. మందులు అక్కడికి పోయాకే మొదలుపెట్టాలని డాక్టరు నిర్ణయం.

ఆశ్రమంలో ఆమె కోసం మదర్ పేరిట తొమ్మిది రోజులు ప్రార్థనలు చేశారు. ఆ తర్వాత సిస్టర్ ఆమెను మా దగ్గరికి తెచ్చింది. ఎప్పటిలాగే నెత్తిన ముడి, పైన గుడ్డ. నేను ఫిల్ము తీశాను. సహోద్యోగి కడిగాడు. ఇద్దరం వెలుతురు పెట్టె మీద పెట్టి చూసి, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నీడ లేదు.

“సారూ,” అన్నాడు సహోద్యోగి గుసగుసగా, “నేను కడుగుడు కడిగితే రోగం గూడ పోయిందా ఏంది?”

క్యాంపస్‌లో కబురు గుప్పుమంది. ఆ నెలలో ఎవరు ఎవరిని అనుమానించారో చెప్పడం కంటే, ఎవరిని అనుమానించలేదో చెప్పడం తేలిక. సిస్టర్లు రొట్టెలామెను మతంలో కలుపుకోవడానికి ఆడిన నాటకమని కొందరు. రొట్టెలామె ఉద్యోగం కోసం తనకు బదులు ఇంకెవరినో నిలబెట్టిందని కొందరు. డాక్టరు అనుమానం మాత్రం తిన్నగా నా మీదికే వచ్చింది.

“క్యా బాత్ హై మియా!” అన్నాడు, రెండు ఫిల్ములూ నా మొహం మీద ఊపుతూ. “మందు లేదు, సూది లేదు, క్షయ ఎట్ల పోతది? ఇది వేరేవాళ్ల ఫిల్ము. నెంబరు మార్చిన్రు. నువ్వన్న మార్చినవ్, నీ దోస్తన్న మార్చిండు.”

“నాకేం లాభం సార్?”

“అదే సోచాయిస్తున్న. దొరకనీ, చెప్త.”

అసలు సంగతి తేలేదాకా ఆమెకు ఆరోగ్య ధ్రువపత్రం రాయనన్నాడు. సెలవులు ముగిసి హాస్టల్ తెరిచే నాటికి అది లేకపోతే రొట్టెల పనికి వేరే మనిషిని పెట్టుకుంటారు. ఆ వేరే మనిషి అప్పటికే వచ్చి పెనం చూసుకుని పోయింది.

ఒక మధ్యాహ్నం రొట్టెలామె నా ఎక్స్‌రే గది గుమ్మం దగ్గర నిలబడింది. ఆశ్రమం నుంచి పంపేశారు. ఫిల్ము బాగుందంటే రోగి కాదు కదా! గోల్నాకలో అక్క ఇంట్లో వసారాలో పడుకుంటోంది.

“సారూ, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యొద్దు,” అంది. “సిస్టరమ్మ కోసం ఫోటువ మార్చినవా?”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “లేదమ్మా.”

“మార్చినవంటె చెప్పు సారూ. ఎవలికి చెప్ప. నౌకరి పోతే పోనీ, నాలుగిండ్ల పాచిపని చేసుకుంట. నా చిన్నపిల్ల రాత్రి నా పక్కల పండుకుంట అని ఏడుస్తది. దగ్గరికి రానిస్తలేను. దాన్ని పక్కల పండబెట్టుకోవాల్నా, వద్దా? గదొక్కటి నిజం చెప్పు.”

ఎన్నో ఛాతీల లోపల చూసినవాణ్ణే, అయినా “నేను మార్చలేదు, అంతవరకు నాకు తెలుసు,” అన్నాను. ఆమె నన్ను నమ్మలేదు. అలాగని నమ్మకుండా కూడా పోలేదు. అలాగే వెళ్లిపోయింది.

ఈలోగా చర్చి పంపిన ఫాదర్ దిగాడు. వాళ్ల తెలుగులో విచారణ అంటే ఒక గురువు కింద ఉండే ప్రాంతం. గుంటూరు వైపు ఒక విచారణకు గురువైన ఈయన ఇక్కడికి విచారణకు వచ్చాడు. విచారం నాకు మిగిలింది. అద్భుతం కోసం ఆత్రపడే మనిషి వస్తాడనుకున్నాను. తీరా చూస్తే, ఆయన ముందు మా డాక్టరు పసిపిల్లాడు.

“మీరు దేవుణ్ణి నమ్ముతారా?” అని మొదలుపెట్టాడు.

“శనివారాలు నమ్ముతానండి. ఒంటిపూట ఉంటాను.”

“ఆ ఫిల్ము తీసింది ఏ వారం?”

“మంగళవారమండి.”

“అయితే మీ సాక్ష్యం పనికొస్తుంది,” అన్నాడు. మొహంలో నవ్వు లేదు. యంత్రం చూశాడు, చీకటి గది చూశాడు, నా సహోద్యోగి చేతులు వాసన చూశాడు. ఆఖరికి ఉండబట్టలేక అడిగాను: “ఫాదర్, మీకు అద్భుతం కావాలా, వద్దా?”

“కావాలండీ. అందుకే దొంగది వద్దు. రేపు రోములో ఇది బోగస్ అని తేలితే నా పరువు కాదు పోయేది, ఆ మహాతల్లిది.”

డాక్టరు, ఫాదర్ కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. మళ్లీ ఫిల్ము తీయాలి, ఇద్దరి కళ్లముందే. నన్ను, నా సహోద్యోగిని దగ్గరికి రానీయకూడదు. సిస్టర్‌ను కూడా.

ఆ రోజు పొద్దున రొట్టెలామె ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, సవరం పెట్టి బారెడు జడ వేసుకుని వచ్చింది. ఇంతమంది పెద్దమనుషులు చూసే ఫోటువ మరి. సిస్టర్, నేను, సహోద్యోగి బయట బెంచీ మీద ముగ్గురు ముద్దాయిల్లా కూర్చున్నాం. ఆశ్రమం వాళ్లను మఠంవాళ్లు అని కూడా అంటారు కదా. ఆ కంగారులో నేనే బెంచీ మీద మఠం వేసుకుని కూర్చున్నాను.

లోపల డాక్టరే అన్నీ చేశాడు. ఆమెకు దవాఖాన గౌను ఇచ్చి, ఆయన, ఫాదర్ మర్యాదగా అటు తిరిగి నిలబడ్డారట. గౌను నాడాలు వీపు వెనక ఉంటాయి. ఆమె కట్టుకుని వచ్చి ప్లేటుకు ఛాతీ ఆనించి నిలబడింది. డాక్టరే మీట నొక్కాడు, డాక్టరే చీకటి గదిలో కడిగాడు. చొక్కా మీద మందునీళ్ల మరకలతో బయటికొచ్చి, తడి ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు.

నీడ ఉంది. కుడివైపు, మొదటిసారి ఎక్కడుందో అక్కడే.

“దేఖో!” అన్నాడు డాక్టరు. “ఏడికీ పోలే. రోగం ఆడనే ఉన్నది. నడుమ వచ్చిన ఫిల్మే ఝూటా. నీ కథ రిజిస్ట్రార్ దగ్గర తేలుస్త మియా.”

ఒక్క క్షణం నా సహోద్యోగిని నేనే అనుమానించాను. వాడు నన్ను అనుమానిస్తున్నట్టు వాడి కళ్లలో కనిపించింది. ఫాదర్ సిస్టర్ వైపు చూస్తున్నాడు. ఆ చూపు నా మీద పడి ఉంటే నేను చేయని తప్పు కూడా ఒప్పుకునేవాణ్ణి.

రొట్టెలామె గౌనుతోనే గుమ్మంలో కూలబడింది. “నిన్న రాత్రి పండబెట్టుకున్న సిస్టరమ్మా,” అంది. “జర్రసేపే. ఏడిస్తే ఉండలేక పండబెట్టుకున్న. పిల్లకు అంటుకుంటదా? నేనే అంటించిన్నా?”

సిస్టర్ లేచి వెళ్లి ఆమె వెనక నేల మీద కూర్చుంది. “ఏంది ఈ జుట్టు? గింత నూనె? మా దగ్గర ఉన్నన్ని రోజులు ఎంత మంచిగ కట్టిన్నో!” అని కసురుకుంటూ, గౌను నాడాలు కట్టుకునేటప్పుడు కుడి భుజం మీంచి ముందుకు వేసుకున్న ఆ జడను వెనక్కి లాగి, సవరం తీసి పక్కన పెట్టి, వేళ్లతో పాయలు విడదీయడం మొదలుపెట్టింది. ఎవరు ఏడ్చినా ఆమె చేసే పని అదేనని నాకు తర్వాత తెలిసింది. ఆమె చేతులకు తెలిసిన ఓదార్పు అది.

సగంలో ఆమె చేతులు ఆగాయి.

జడ ఎక్కడి నుంచి తీసిందో ఆ కుడి భుజం వైపు చూసింది. డాక్టరు చేతిలోని ఫిల్మును చూసింది. తర్వాత తలెత్తి ఫాదర్‌ను చూసింది. ఆయన అప్పటికే ఆమెనే చూస్తున్నాడు. ఇద్దరూ ఒకే సంగతి దగ్గరికి ఒకేసారి వచ్చారని నా అనుమానం. ఫాదర్ నోరు మెదపలేదు. ఎందుకు మెదపలేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆమెను పరీక్షించాడో, ఆమెకు వదిలేశాడో.

సిస్టర్ మళ్లీ చేతులు కదిపింది. తీరిగ్గా చిక్కు తీసింది, జుట్టంతా పైకి దువ్వింది, నడినెత్తిన గట్టిగా ముడి వేసింది. తన సంచిలోని గుడ్డ తీసి కట్టింది. లేచి నిలబడింది.

“డాక్టర్ సాబ్, ఇప్పుడు తీయిండ్రి. ఇంకొక్కసారి. మీరే తీయిండ్రి.”

“ఎందుకు? ఫాయిదా ఏంది?”

“తీయిండ్రి సార్. పుణ్యముంటది.”

డాక్టరు గొణుక్కుంటూ తీశాడు. ఈసారి ఫాదర్, సిస్టర్ ఇద్దరూ లోపలే ఉన్నారు. ఫిల్ము కడగడం అయ్యాక తలుపు తెరుచుకుంది. డాక్టరు రెండు తడి ఫిల్ములను పక్కపక్కన పట్టుకుని నిలబడ్డాడు. ఒకదాంట్లో నీడ, ఒకదాంట్లో లేదు. మధ్యలో మారింది ఒక్క జడ.

నూనె పట్టిన మందపాటి జడ, సవరంతో సహా, ఛాతీకి ప్లేటుకు మధ్య ఇరుక్కుంటే ఊపిరితిత్తి కొస మీద మచ్చలాగే పడుతుంది. వ్యాన్‌లోనూ అదే గౌను, అవే వెనక నాడాలు, అదే జడ. మగవాళ్లు ‘జుట్టు పైకి కట్టుకోమ్మా’ అనడానికి మొహమాటపడ్డారు. దగ్గు మామూలు దగ్గే. ఆశ్రమంలో మదర్ నియమం ప్రకారం తల కడిగి పైకి కట్టగానే నీడ పోయింది. సవరం తీస్తే సవరణ అయిపోయింది.

“యా అల్లా!” అన్నాడు డాక్టరు. “ఇన్నేండ్ల సంది ఊపిరితిత్తులు చూస్తున్న. జడకు సూదిమందు రాయబోయిన.” తర్వాత నా వైపు తిరిగి, క్షమాపణకు దగ్గరి బంధువులాంటి దగ్గు ఒకటి దగ్గాడు. నేను దాన్ని స్వీకరించాను.

రొట్టెలామెకు ఇవేవీ పట్టలేదు. “సారూ, పిల్లను?” అంది.

“పక్కల పండబెట్టుకో బేటీ. ఇద్దరినీ పండబెట్టుకో,” అన్నాడు డాక్టరు. అక్కడే నిలబడి ధ్రువపత్రం రాసిచ్చాడు. ఆమె దాన్ని రొమ్ముకు అదుముకుని పరుగులాంటి నడకతో బయటికి పోయింది. గౌను మా దవాఖానదని గుర్తొచ్చి మళ్లీ వెనక్కి వచ్చింది.

ఫాదర్ కాగితాలు సర్దుకున్నాడు. అద్భుతం లేదని రాయడానికి ఆయనకు రెండు వాక్యాలు చాలాయి. పోయేముందు సిస్టర్ ముందు ఆగి, ఎందుకో తల వంచి మరీ నమస్కారం పెట్టాడు. మీ చర్చిలో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు ఇలా పెడతారా అని అడగాలనిపించింది. అడగలేదు.

ఆ మదర్ చాలా ఏళ్లకు పునీత అయింది, ఇంకేదో దేశంలో, ఇంకెవరికో తగ్గిన జబ్బు వల్ల. పేపర్లో చదివాను. అక్కడ కూడా ఎవరైనా జుట్టు సంగతి చూశారో లేదో అని నా బుద్ధి వెంటనే శంకించింది. ఈ ఉద్యోగం మనిషిని చెడగొడుతుంది, జాగ్రత్త.

కానీ ఆ సాయంత్రం, క్యాంపస్ నుంచి తార్నాక దాకా సిస్టర్ పక్కన నడుస్తూ నేను అడగాల్సింది అడిగాను. పొద్దున జడ సంగతి తేలినప్పటి నుంచి నాకున్న అనుమానం అది.

“సిస్టర్, మీకు ముందే తెలుసా?”

“లేదు సారూ. జడ చేతిల బరువుగ తగిలినప్పుడు తెలిసింది.”

“అక్కడే ఆపేసి ఉంటే, నీడ ఉన్న ఆ మూడో ఫిల్మును ఎవరో ఒకరు తప్పు పట్టేవాళ్లు, నీడ లేని రెండోదాన్ని ఎవరో ఒకరు నమ్మేవాళ్లు. మీ మదర్‌కు దారి మూసుకుపోయేది కాదు కదా?”

ఆమె రోడ్డు మధ్యలో ఆగింది. అంతకాలం నేను ఆమెను అనుమానంగా చూసినట్టు, మొదటిసారి ఆమె నన్ను చూసింది.

“సగం దువ్విన తలను ఎట్ల ఇడిసిపెడతరు సారూ?” అంది.